బిల్లెట్ నడిమధ్యలో ఏముంది? ఉక్కు గడ్డకట్టే తీరుపై ఒక విశ్లేషణ

క్లుప్తంగా: బిల్లెట్ అంటే సలాకలు తీయడానికి ముందు పోసే చదరపు ఉక్కు కడ్డీ. ఒకే రసాయన మిశ్రమంతో పోసిన రెండు బిల్లెట్లు లోపల ఒకేలా ఉండాలని లేదు. కరిగిన ఉక్కు ఎంత అదనపు వేడితో అచ్చులోకి దిగింది, దాన్ని ఎంత వేగంగా బయటికి లాగారు, నీళ్లు ఎలా చల్లారు అన్నదాన్ని బట్టి లోపలి రేణువుల అమరిక మారిపోతుంది. వీటన్నిటిలో ఎక్కువ పట్టు అదనపు వేడిది. దాన్ని తగ్గిస్తే బిల్లెట్ బాగుపడుతుంది కానీ, పోత మధ్యలోనే ఆగిపోయే ప్రమాదం పెరుగుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

చంద్రపూర్, గడ్చిరోలి జిల్లాల్లో కొన్నేళ్లుగా ఉక్కు మాట ఎక్కువగా వినిపిస్తోంది. ఎటపల్లి తాలూకా సూర్జాగఢ్ కొండల్లో ఇనుప ఖనిజం తవ్వుతున్నారు. చామోర్షి తాలూకా కోన్సరిలో స్పాంజ్ ఐరన్ (ఖనిజాన్ని కరిగించకుండానే తీసే ఇనుము) ప్లాంటు వచ్చింది. ఘుగ్గుస్‌లో అలాంటి ప్లాంటు అంతకుముందు నుంచే ఉంది. ఉక్కులో కలిపే మాంగనీసు మిశ్రమాలను చంద్రపూర్‌లోని సెయిల్ ఫెర్రో అల్లాయ్ ప్లాంటు తయారుచేస్తుంది. సిరొంచ, అహేరి, రాజురా, బల్లార్షా వైపు తెలుగు ఇళ్లలో ఐటీఐ చదివే పిల్లలకు కాస్టర్, టండిష్, స్ట్రాండ్ అనే మాటలు ఇప్పుడిప్పుడే చెవిన పడుతున్నాయి.

ఇల్లు కట్టేవాళ్ల అయోమయం ఇంకోటి. సలాకలు కొనడానికి వెళ్తే ఒక దుకాణదారు మా సరుకు బిల్లెట్‌ది అంటాడు, ఇంకొకతను ఇంగాట్ (విడివిడి అచ్చుల్లో పోసిన దిమ్మ) అయితే ఏంటి, టెస్ట్ సర్టిఫికెట్ చూసుకోండి అంటాడు. సర్టిఫికెట్‌లో కర్బనం, గంధకం, భాస్వరం అంకెలు రెండింటికీ దాదాపు ఒకటే. మరి తేడా ఎక్కడుంది? దానికి జవాబు ఆ అంకెల్లో దొరకదు. ద్రవంగా ఉన్న ఉక్కు ఘనంగా మారిన ఆ కొద్ది నిమిషాల్లో ఏం జరిగిందో చూడాలి.

ఐసు దిమ్మను చూస్తే సగం అర్థమవుతుంది

ఐసు ఫ్యాక్టరీ నుంచి వచ్చే పెద్ద దిమ్మను గమనిస్తే అంచులు అద్దంలా ఉంటాయి, నడిమధ్య తెల్లగా మబ్బుపట్టినట్టు ఉంటుంది. నీళ్లు అంచు నుంచి లోపలికి గడ్డకడుతూ, తమలో కరిగి ఉన్న లవణాలను, గాలిని ముందుకు నెట్టుకుంటూ పోతాయి. ఆ చెత్తంతా చివరికి మధ్యలో చిక్కుకుంటుంది. ఉక్కు చేసేదీ అదే. ముందుగా గడ్డకట్టే ఇనుము తనకు పనికిరాని గంధకాన్ని, భాస్వరాన్ని, కొంత కర్బనాన్ని, మాంగనీసును మిగిలిన ద్రవంలోకి తోసేస్తుంది. ఆఖరున గడ్డకట్టే నడిమధ్య భాగంలో ఇవి పేరుకుంటాయి. దీన్నే ప్లాంటుల్లో సెగ్రిగేషన్ అంటారు. ఈ గుణంలో అన్నిటికన్నా మొండిది గంధకం. ఘనంగా మారే ఇనుము దాన్ని దాదాపుగా ఒప్పుకోదు.

నిరంతర పోతలో, అంటే కంటిన్యూయస్ కాస్టింగ్‌లో, లాడిల్ (కరిగిన ఉక్కును మోసే పెద్ద పాత్ర) నుంచి ఉక్కు టండిష్ అనే తొట్టిలోకి, అక్కడి నుంచి నీళ్లతో చల్లబడే రాగి అచ్చులోకి దిగుతుంది. అచ్చుకు అడుగు ఉండదు. పైనుంచి ద్రవం పడుతుంటే, పై పొర గట్టిపడిన కడ్డీని కిందినుంచి లాగుతూ ఉంటారు. అచ్చు అంటుకోకుండా నిరంతరం పైకీ కిందికీ ఊగుతుంది. 1933లో జర్మనీకి చెందిన సీగ్‌ఫ్రీడ్ యుంగాన్స్ పేటెంట్ తీసుకున్న ఈ ఊగుడు ఆలోచనే తర్వాత ఉక్కు పోతను నిలబెట్టింది. తెలుగువాళ్లకు దగ్గర ఉదాహరణ కావాలంటే విశాఖ ఉక్కు కర్మాగారం ఉంది. ఇంగాట్ల జోలికి పోకుండా, పూర్తిగా నిరంతర పోత మీదే కట్టిన ప్లాంటు అది.

అలా వచ్చిన బిల్లెట్‌ను అడ్డంగా కోసి ఆమ్లంతో కడిగితే మూడు భాగాలు కనిపిస్తాయి. అంచున కొన్ని మిల్లీమీటర్ల మందాన సన్నటి రేణువుల పొర. ఇది రాగి గోడ తగలగానే ఒక్కసారిగా గడ్డకట్టినది. దాని లోపల గోడకు నిటారుగా, స్తంభాల్లా వరసగా మధ్యవైపు సాగిన రేణువులు. నడిమధ్య ఏ దిక్కూ లేకుండా గుంపుగా ఉన్న సమాక్ష రేణువులు. ఒక్కో స్తంభాన్ని సూక్ష్మదర్శినిలో చూస్తే నున్నగా ఉండదు. తుమ్మ రెమ్మలా కొమ్మకు కొమ్మలు వేసి ఉంటుంది. ఈ కొమ్మల మధ్య సందుల్లోనే మలినాలు మొదట ఇరుక్కుంటాయి.

స్తంభాలు నాలుగు వైపుల నుంచీ వచ్చి మధ్యలో ఢీకొంటే, వాటి మధ్య చివరి ద్రవం సన్నటి గీతలా మిగులుతుంది. మలినాలన్నీ ఆ గీతలోనే. అదే మధ్యలో సమాక్ష రేణువుల గుంపు పెద్దదిగా ఉంటే, ఆ మలినాలు వందల సందుల్లోకి చెదిరిపోతాయి. మొత్తం మలినం తగ్గదు, ఒకేచోట కుప్పపడదు అంతే. కాస్టర్ (నిరంతర పోత యంత్రం) మీద చేసే సర్దుబాట్లలో చాలావాటి లక్ష్యం ఈ నడిమి గుంపును పెంచడమే.

సూపర్‌హీట్: ఇన్సూరెన్స్ ప్రీమియం లాంటిది

ఏ మిశ్రమానికైనా గడ్డకట్టడం మొదలయ్యే ఉష్ణోగ్రత ఒకటి ఉంటుంది. స్వచ్ఛమైన ఇనుముకు అది 1538 డిగ్రీలు. కర్బనం 0.2 శాతం ఉన్న మామూలు సలాకల ఉక్కుకు సుమారు 1515. కర్బనం 0.8 శాతం ఉండే తీగల ఉక్కుకు 1470 దగ్గర. టండిష్‌లో ఉక్కు ఈ అంకె కన్నా ఎంత ఎక్కువ వేడిగా ఉందో ఆ తేడానే సూపర్‌హీట్. చాలాచోట్ల 20 నుంచి 30 డిగ్రీల మధ్య ఉంచాలని చూస్తారు.

ఇంత చిన్న తేడాకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? స్తంభాల కొసల నుంచి, కొమ్మల నుంచి చిన్న ముక్కలు ఎప్పుడూ విరిగి ద్రవంలో పడుతుంటాయి. ద్రవం మరీ వేడిగా ఉంటే అవి కరిగిపోతాయి. గడ్డకట్టే ఉష్ణోగ్రతకు దగ్గరగా ఉంటే బతుకుతాయి. బతికిన ప్రతి ముక్కా ఒక కొత్త రేణువుకు విత్తనం. ఇవి కుప్పగా చేరి స్తంభాల దారికి అడ్డం పడతాయి, స్తంభాలు అక్కడితో ఆగిపోతాయి. సూపర్‌హీట్ 40 డిగ్రీలు దాటితే విత్తనాలు మిగలవు, స్తంభాలు నడిమధ్య దాకా దూసుకుపోతాయి. కొన్నిచోట్ల ఎదురెదురు స్తంభాలు ముందే కలిసి వంతెన కట్టేస్తాయి. దాని కింద చిక్కిన ద్రవానికి పైనుంచి కొత్త ఉక్కు అందదు. ఉక్కు గడ్డకట్టేటప్పుడు కుంచించుకుంటుంది కాబట్టి అక్కడ బొక్క మిగులుతుంది, దాని చుట్టూ మలినం పేరుకుంటుంది. బిల్లెట్‌ను నిలువుగా కోస్తే ఒకదాని కింద ఒకటి చిన్న చిన్న ఇంగాట్లు పేర్చినట్టు కనిపించడానికి కారణం ఇదే.

కడ్డీని నిలువు నుంచి అడ్డానికి వంపు తిప్పుతూ దించే కాస్టర్లలో ఇంకో విశేషం ఉంది. ఈ విత్తన రేణువులు ద్రవం కన్నా బరువు. అందుకని కింది వైపు గోడ మీదకు దిగి పేరుకుంటాయి. పై వైపు స్తంభాలకు అడ్డు తక్కువ, అవి ఇంకా పొడుగు పెరుగుతాయి. కోసిన బిల్లెట్‌లో నడిమి గుంపు సరిగ్గా మధ్యలో కాకుండా ఒకవైపు జరిగి కనిపిస్తే కంగారుపడాల్సిన పనిలేదు, గురుత్వాకర్షణ చేసే పనే అది.

మరి అందరూ సూపర్‌హీట్‌ను 10 డిగ్రీలకు తెచ్చేసుకోవచ్చు కదా అంటే, 10 నుంచి 15 డిగ్రీల కిందికి వచ్చేసరికి ఉక్కును అచ్చులోకి దించే నాజిల్ లోపలే అది గడ్డకట్టడం మొదలవుతుంది. నాజిల్ మూసుకుపోతే ఆ స్ట్రాండ్ (ఒక అచ్చు నుంచి వచ్చే కడ్డీ వరస) ఆగిపోతుంది. లాడిల్‌లో మిగిలిన ఉక్కును మళ్లీ కొలిమికి పంపాలి. కరెంటు ఖర్చు, సమయం, టండిష్ లోపలి పూత అన్నీ నష్టమే. షిఫ్టు ఇన్‌ఛార్జికి ఉండే టెన్షన్ అంతా దీని గురించే. అందుకని చేయి కాస్త వేడి వైపే మొగ్గుతుంది. చిన్న లాడిల్ పెద్దదానికన్నా త్వరగా చల్లారుతుంది కాబట్టి చిన్న యూనిట్లలో ఈ మొగ్గు ఇంకా ఎక్కువ. ఆపరేటర్ కట్టే ఇన్సూరెన్స్ ప్రీమియం అనుకుంటే, దాని బిల్లు బిల్లెట్ నడిమధ్యకు చేరుతుంది. అది కంటికి కనిపించదు కాబట్టి అక్కడ ఎవరూ ప్రశ్నించరు. మూత ఉన్న టండిష్, ముందే బాగా కాగిన లాడిల్, తరచుగా ఉష్ణోగ్రత కొలవడం లాంటి సాదాసీదా క్రమశిక్షణ ఖరీదైన యంత్రాల కన్నా ముందు రావాలని చెప్పడానికి కారణం ఇదే.

వేగం, నీళ్లు

గట్టిపడిన పొర మందం కాలానికి వర్గమూలం లెక్కన పెరుగుతుంది. అంటే నాలుగు రెట్ల సమయానికి రెండు రెట్ల మందమే. బిల్లెట్లలో మొదటి నిమిషంలో సుమారు 28 మిల్లీమీటర్ల పొర వస్తుందని లెక్కవేస్తే, 130 మిల్లీమీటర్ల చదరపు బిల్లెట్ మధ్యదాకా గట్టిపడటానికి అయిదున్నర నిమిషాలు పడుతుంది. నిమిషానికి 2.5 మీటర్ల చొప్పున లాగుతుంటే, అచ్చులో ఉక్కు పైమట్టం నుంచి లెక్కిస్తే పదమూడు మీటర్లకు పైగా లోపల ద్రవం ఉన్నట్టే. అచ్చు బయటికి వచ్చేటప్పుడు పొర వేలెడు మందం ఉంటే గొప్ప. అది చిరిగితే ఉక్కు బయటికి ఎగజిమ్ముతుంది. దాన్నే బ్రేకవుట్ అంటారు.

వేగం పెంచితే ద్రవం ఇంకా దూరం సాగుతుంది, లోపల సన్నటి, పొడవైన మడుగు ఏర్పడుతుంది, వంతెనలకు అవకాశం పెరుగుతుంది. పైగా అదే సమయానికి అచ్చులోకి దిగే వేడి కూడా ఎక్కువే. కాబట్టి ఎక్కువ వేగం, ఎక్కువ సూపర్‌హీట్ కలిస్తే ఒకదానికొకటి తోడై చెడు చేస్తాయి. విడివిడిగా భరించగలిగినవి కలిస్తే భరించలేకపోవచ్చు.

అయితే వేగం ఎప్పుడూ చెడ్డదే అనుకోవడం పొరపాటు. 250 మిల్లీమీటర్ల మందమున్న ఉక్కు స్లాబ్ (వెడల్పాటి పలక) మధ్యదాకా గట్టిపడటానికి ఇరవై నిమిషాలు పడితే, 60 మిల్లీమీటర్ల పలుచని స్లాబ్‌కు నిమిషం పైచిలుకు చాలు. బస్తర్‌లో నగర్నార్ ప్లాంటు హాట్ రోల్డ్ కాయిల్స్ కోసం వాడేది ఈ పలుచని స్లాబ్ పద్ధతే. అంత త్వరగా చల్లారితే కొమ్మల మధ్య సందులు చాలా సన్నగా ఉంటాయి, మలినం సన్నగా చెదురుతుంది. సందు వెడల్పు చల్లారే వేగానికి సుమారు ఘనమూలం నిష్పత్తిలో తగ్గుతుంది. లాగే వేగం, చల్లారే వేగం ఒకటే కావని గుర్తుంచుకోవాలి. పలుచన కావడం వల్ల వచ్చిన లాభం ఇది, లాగడం వల్ల వచ్చింది కాదు.

అచ్చు కింద చల్లే నీళ్ల విషయంలోనూ రెండు అంచుల కత్తే. బలంగా చల్లితే స్తంభాలు ఉత్సాహంగా పెరుగుతాయి, ఎందుకంటే వేడి ఒకే దిక్కుగా, వేగంగా బయటికి పోతుంది. స్ప్రే ప్రాంతం దాటగానే పై పొర లోపలి వేడికి మళ్లీ కాగి సాగుతుంది. అప్పుడు ఇంకా సగం గట్టిపడిన లోపలి భాగంలో పగుళ్లు పడతాయి. నీళ్లు చాలకపోతే పొర పలుచన, ఉబ్బు. ఒక మూల నీళ్లు చల్లే నాజిల్ మూసుకుపోతే ఆ వైపు నెమ్మదిగా చల్లారి, చతురస్రం కాస్తా డైమండ్ ఆకారం అవుతుంది.

0.1 శాతం దగ్గర ఒక గొయ్యి

కర్బనం తక్కువైతే పోత సులువు, ఎక్కువైతే కష్టం అనుకోవడం సహజం. నిజానికి కష్టం మధ్యలో ఉంది. 0.09 నుంచి 0.17 శాతం మధ్య కర్బనం ఉన్న ఉక్కు, 1495 డిగ్రీల దగ్గర గడ్డకడుతూనే లోపలి స్ఫటిక నిర్మాణాన్ని మార్చుకుంటుంది, ఆ మార్పులో అదనంగా కుంచించుకుంటుంది. సన్నటి పొర రాగి గోడ నుంచి ఊడివస్తుంది, గాలి సందు ఏర్పడుతుంది, వేడి బయటికి పోదు. పొర ఎగుడుదిగుడుగా పెరిగి పగుళ్లకు చోటిస్తుంది. 0.1 శాతం దగ్గర ఈ బాధ గరిష్ఠం. అందుకే రసాయన మిశ్రమాన్ని నిర్ణయించేటప్పుడే ఈ గొయ్యిని తప్పుకుని పోవడానికి చూస్తారు.

ఎక్కువ కర్బనానికి వేరే బాధ. 0.8 శాతం ఉక్కులో గడ్డకట్టడం మొదలయ్యాక పూర్తయ్యేదాకా సుమారు 100 డిగ్రీల దూరం ఉంటుంది. అంతసేపూ మలినం నడిమధ్యకు జారుతుంటుంది. దాన్నుంచి తీసిన తీగను సన్నగా లాగినప్పుడు మధ్యలో గిన్నె ఆకారంలో తెగిపోతుంది.

విద్యుదయస్కాంతంతో కలపడం

అచ్చు చుట్టూ తీగచుట్టలు పెట్టి, తిరిగే అయస్కాంత క్షేత్రంతో లోపలి ద్రవాన్ని గిరగిరా తిప్పవచ్చు. స్తంభాల కొమ్మలు విరుగుతాయి, అదనపు వేడి త్వరగా గోడలకు చేరుతుంది. అంటే కాస్త వేడిగా పోసినా చల్లగా పోసిన ఫలితం కొంతవరకు దొరుకుతుంది. రాగి అచ్చు అధిక పౌనఃపున్యాన్ని అడ్డుకుంటుంది కాబట్టి అచ్చు దగ్గర కొన్ని హెర్ట్జ్‌లతోనే నడుపుతారు.

దీనికీ ధర ఉంది. కిందికి, పొర గట్టిపడుతున్న చోట మరీ గట్టిగా తిప్పితే, ద్రవం కొమ్మల సందుల్లోని మలినాన్ని కడిగేసుకుపోతుంది. అక్కడ కర్బనం తక్కువైన తెల్లటి పట్టీ మిగులుతుంది. పోయిన మలినం లోపలికే వెళ్లింది. చిన్న యూనిట్లు దీన్ని కొనకపోవడానికి కారణం అవగాహన లేకపోవడం కాదు, మామూలు సలాక ధరలో ఆ ఖర్చు తిరిగి రాదు.

రోలింగ్‌లో ఇదంతా చెరిగిపోదా?

చాలావరకు చెరుగుతుంది. 130 మిల్లీమీటర్ల బిల్లెట్‌ను కాచి, రోలర్ల మధ్య నలిపి 12 మిల్లీమీటర్ల సలాక తీస్తే అడ్డుకోత వైశాల్యం దాదాపు 150 వంతులకు ఒకటిగా తగ్గుతుంది. స్తంభాలు నలిగి కొత్త రేణువులు పుడతాయి. శుభ్రమైన బొక్కలు చాలావరకు అతుక్కుంటాయి. కానీ మలినం పంపకం అంత తేలిగ్గా మారదు. 1200 డిగ్రీల కొలిమిలో గంటసేపు ఉంచితే కర్బనం ఒక మిల్లీమీటరు మేర కదలగలదు. మాంగనీసు అదే గంటలో కొన్ని మైక్రాన్లకు మించి కదలదు. అందుకే పోతలో పడ్డ మాంగనీసు గీత సాగి, సన్నబడి, చివరి సలాకలోనూ మిగులుతుంది. సలాక చుట్టూ నీళ్లతో గట్టిపరిచే టీఎంటీ పద్ధతి బయటి పొరకు బలాన్నిస్తుంది కానీ ఈ లోపలి గీతను తాకదు.

మామూలు ఇంటి స్లాబుకు ఇది పెద్ద ప్రమాదం కాదని కూడా చెప్పుకోవాలి. మళ్లీ మళ్లీ వంచినప్పుడు, వెల్డింగ్ చేసినప్పుడు, భూకంపంలో ఊగినప్పుడు తేడా బయటపడుతుంది. సలాకలకు ఉన్న భారతీయ ప్రమాణం ఐఎస్ 1786, ఫె 500 రకానికి గంధకం, భాస్వరం ఒక్కోటి 0.055 శాతం దాకా ఒప్పుకుంటే, ఎక్కువ సాగాల్సిన ఫె 500డీ రకానికి 0.040 దగ్గరే గీత గీసింది.

ఇంగాటా, బిల్లెటా

ఇండక్షన్ కొలిమి (విద్యుత్తుతో కరిగించే కొలిమి) యూనిట్లు కొన్ని ఉక్కును చిన్న ఇనుప అచ్చుల్లో పోసి పెన్సిల్ ఇంగాట్లు తీస్తాయి. వాటిలో ఒక్కోదానికీ పై కొస కుంచించుకుని గొయ్యి పడుతుంది. దాన్ని కోసి తీసేయకపోతే ఆ లోపం సలాకలోకి వస్తుంది. బిల్లెట్‌లో ఈ బాధ స్ట్రాండ్ చివర్లో మాత్రమే. పొడవునా ఒకేలా ఉండటం బిల్లెట్ అసలు లాభం.

కానీ దుకాణంలో చెప్పినంత తేడా అన్నిసార్లూ ఉండదు. ఇండక్షన్ కొలిమి కరిగిస్తుంది తప్ప భాస్వరాన్ని, గంధకాన్ని పెద్దగా తీసేయదు. స్పాంజ్ ఐరన్‌లో, తుక్కులో ఉన్న భాస్వరం చాలావరకు ఉక్కులోకే వస్తుంది. అలాంటి ఉక్కును కాస్టర్‌లో 50 డిగ్రీల సూపర్‌హీట్‌తో, గరిష్ఠ వేగంతో పోస్తే వచ్చే బిల్లెట్ నడిమధ్య, జాగ్రత్తగా పోసిన ఇంగాట్ కన్నా మెరుగ్గా ఉంటుందని హామీ లేదు. ఎందులో పోశారన్నది ఒక ప్రశ్న, ఏ పరిస్థితుల్లో పోశారన్నది దానికన్నా పెద్ద ప్రశ్న.

మే నెలా, జూలై నెలా

చంద్రపూర్‌లో మే నెల 46, 47 డిగ్రీలు కొత్త కాదు. కాబట్టి కాస్టర్‌కు ఎండాకాలమే గడ్డుకాలమని అనిపిస్తుంది. లెక్క వేరేలా ఉంది. కూలింగ్ టవర్ నీళ్లను ఆవిరి చేసి చల్లబరుస్తుంది, కాబట్టి అది గాలిలోని తేమ మీద ఆధారపడుతుంది. 46 డిగ్రీల పొడి ఎండలో తేమ 15 శాతం ఉంటే నీళ్లు సిద్ధాంతపరంగా 25 డిగ్రీల దగ్గరి దాకా చల్లారగలవు. జూలైలో గాలి 31 డిగ్రీలే అయినా తేమ 85 శాతం ఉంటే 28 కిందికి దిగవు. విదర్భ ఇళ్లలో కూలర్ మే నెలలో ప్రాణం నిలిపి, వానలు పడగానే ఉక్కపోత మిగిల్చేది ఇందుకే.

పైగా ఆ మూడు నాలుగు డిగ్రీల తేడా గడ్డకట్టే తీరును పెద్దగా మార్చదు. అచ్చులో వేడికి అసలు అడ్డు నీళ్ల దగ్గర లేదు, ఉక్కు పొరకూ రాగికీ మధ్య సందులో ఉంది. అంతకన్నా భయపడాల్సింది బోరు నీళ్ల సున్నం. రాగి గొట్టం వెనక 0.1 మిల్లీమీటర్ల పొర కట్టినా, అచ్చు పైభాగంలో రాగి ఉష్ణోగ్రత నూరు డిగ్రీలకు పైగా పెరగగలదు. అచ్చు వంకర తిరుగుతుంది, బిల్లెట్ కూడా. వానాకాలంలో ఇంకో చిక్కు తడిసిన సున్నం, తడి తుక్కు, తేమ పట్టిన ఫెర్రో మిశ్రమాలు. వాటి నుంచి హైడ్రోజన్ ఉక్కులో కరిగి, గడ్డకట్టేటప్పుడు బుడగలుగా బయటపడుతుంది.

ముక్క కోసి చూడటం

ఇన్ని మాటల్ని ఒకేసారి చూపించే పరీక్ష పాతది, చవకైనది. బిల్లెట్ నుంచి అడ్డంగా ఒక పలక కోసి, నున్నగా చేసి, సగం నీళ్లు కలిపిన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో 70 నుంచి 80 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి, కడిగి ఆరబెడతారు. స్తంభాలు ఎంత లోపలిదాకా వచ్చాయి, నడిమి గుంపు ఎంత వెడల్పు, ఏ మూల పగులు, ఎక్కడ బొక్క అన్నీ కంటికే కనిపిస్తాయి. టండిష్ ఉష్ణోగ్రత రాసుకున్న పుస్తకం పక్కన పెట్టుకుని చూస్తే ఏ హీట్‌లో (ఒకసారి కరిగించి పోసిన విడతలో) చేయి ఎటు మొగ్గిందో తెలిసిపోతుంది. సలాకతో పాటు కొనేవాడి చేతికి వచ్చే సర్టిఫికెట్‌లో రసాయన అంకెలు, లాగుడు బలం, వంపు పరీక్ష ఉంటాయి. ఈ పలక మాత్రం ప్లాంటు ల్యాబ్ దాటి రాదు.